మరచెంబు మీద పేరు

ఎర్రగడ్డ ఆదివారం సంతకు ఏడు దాటాక వచ్చేవాళ్లను చూస్తే నాకు జాలి. అప్పటికి మంచి సరుకంతా మాలాంటి వాళ్ల సంచుల్లోకి చేరిపోయి ఉంటుంది. మిగిలేవి పగిలిన మిక్సీలు, జత లేని బూట్లు, రిమోట్ లేని టీవీలు. వాటినే చూసి "వింటేజ్, వింటేజ్" అనుకుంటూ ఫోటోలు దిగే కుర్రకారు మా జూబ్లీహిల్స్ నుంచి పదింటికి కార్లలో వస్తారు. పాతదానికీ పాడైనదానికీ తేడా తెలియని వాళ్లతో నాకు పేచీ లేదు. వాళ్లు ఆలస్యంగా లేస్తారు కాబట్టే నా పని సాగుతోంది.

నా పని సినిమాలకు పాత సామాను వెతికి తేవడం. పేరు వరప్రసాద్, ఊరు తణుకు, ఫిలింనగర్‌కు వచ్చి ఇరవై ఆరేళ్లయింది. షేక్‌పేట వైపు దిగే సందులో ఒక గోడౌన్ ఉంది నాకు. ఆర్ట్ డైరెక్టర్ కాగితం మీద "1968, రైలు పెట్టె, మధ్యతరగతి కుటుంబం" అని ఒక ముక్క రాసి ఇస్తాడు, అంతే. ఆ కుటుంబం బట్టలు ఏ పెట్టెలో పెట్టుకుంది, నీళ్లు ఏ చెంబులో తెచ్చుకుంది, పిల్లాడి చేతిలో ఏ బొమ్మ ఉంది, అదంతా నేనే చూసుకోవాలి. ఈమధ్య జనం కూడా ముదిరిపోయారు. ఫోన్లో సినిమా ఆపి, తప్పు దొరికిన చోట ఎర్ర సున్నా చుట్టి ఊరంతా పంచుతారు. ఇన్నేళ్లలో నా సామాను మీద ఆ సున్నా పడలేదు. అది నా గర్వం. ఇప్పుడు చెప్పబోయేదంతా ఆ గర్వం చేసిన పనే.

నాకొక నియమం ఉండేది. కొన్న గిన్నె మీద పేరు ఉంటే చదవను. మనవాళ్లకు గిన్నె మీద పేరు కొట్టించకపోతే కొన్నట్టే ఉండదు కదా. పెళ్లికి ఇచ్చినా, గృహప్రవేశానికి ఇచ్చినా, ఎవరిచ్చారో ఎప్పుడిచ్చారో చుక్కలు చుక్కలుగా దాని మీద ఉండాల్సిందే. వచ్చిన కొత్తలో ఒక కంచం మీద "అమ్మ జ్ఞాపకార్థం, నీ తమ్ముడు" అని చదివి దాన్ని గీకించడానికి చేతులు రాక వారం రోజులు పక్కన పెట్టాను. ఆ వారంలో అప్పటి ఆర్ట్ డైరెక్టర్ నన్ను తిట్టని తిట్టు లేదు. అప్పటి నుంచి పేరు కనిపిస్తే తల తిప్పుకుని బాలమణి చేతికి ఇచ్చేస్తాను. బాలమణి షేక్‌పేట మనిషి, యాభై దాటింది, నా గోడౌన్‌లో సామాను తోమడం, మెరుగు పెట్టడం, అక్కర్లేనివి గీకేయడం ఆవిడ పని.

ఆ ఆదివారం నర్సింహ నాకోసమే ఒకటి పక్కన పెట్టి ఉంచాడు. నర్సింహ మోతీనగర్ సందుల్లో బస్తాలు కొని సంతలో పోసి అమ్ముతాడు, మాది పదేళ్ల స్నేహం.

"అన్నా, గిది జూడు. నువ్వు అడిగినవు గదా రైల్ల తీస్కపోయేది. మరచెంబు. మూత, లోపల గిలాస, అన్నీ ఉన్నయ్" అన్నాడు.

చూడగానే ప్రాణం లేచి వచ్చింది. అసలైన పాత ఇత్తడి. బరువైన మర మూత. అడుగున ఒక పక్కకు చిన్న సొట్ట. కొత్తవి చేయించి పాతవాటిలా కనిపించేలా చేయడం నాకు వచ్చు గానీ, ఇలాంటి సొట్ట చేత్తో పెట్టలేం. మీద ఏదో పేరు, కింద రెండు వేల మూడో ఎంతో అంకెలు కనిపించాయి. అంకెల దగ్గరే తల తిప్పేసుకున్నాను. 1968లో రైలెక్కిన చెంబు మీద ఆ అంకెలు ఉంటే ఎర్ర సున్నా కాదు, ఎర్ర జెండానే.

బాలమణి గరుకు కాగితం పెట్టి రెండు రోజులు రుద్దింది. చింతపండు పెట్టి తోమింది. తర్వాత ఆ మెరుపు తగ్గించడానికి టీ నీళ్లు, మసి, నూనె పూశాం. రైలు సెట్‌లో పెద్ద నటీమణి ఆ చెంబు మూత తిప్పి మనవడికి నీళ్లు పోసింది. మా ఆర్ట్ డైరెక్టర్ సుహాస్ మానిటర్‌లో చూసి, "ప్రసాద్ గారూ, ఈ సీన్‌కి హీరో ఈ చెంబేనండీ" అన్నాడు. కుర్రాడే గానీ కన్ను మంచిది. ఆ మాట నేను ఇంటికెళ్లి మా ఆవిడకు కూడా చెప్పుకున్నాను.

మూడో వారంలో ఒకావిడ గోడౌన్‌కు వచ్చింది. నలభై ఐదేళ్లు ఉంటాయి. కాటన్ చీర, భుజాన ఆఫీసు సంచి, మెడలో ఐడీ కార్డు అలాగే ఉంది. గుమ్మం దగ్గర చెప్పులు విడిచింది. గోడౌన్‌లోకి వస్తూ చెప్పులు విడిచిన మనిషిని నేను అదే మొదటిసారి చూడటం.

"నమస్తే సార్. నా పేరు మంజులత. వెంగళరావు నగర్‌ల ఉంటం. ఎర్రగడ్డల నర్సింహ మీ అడ్రస్ ఇచ్చిండు. మూడు వారాల కింద మీరు ఒక మరచెంబు కొన్నరంట."

"కొన్నానమ్మా. అలాంటివి కొంటూనే ఉంటాం. ఏంటి విషయం?"

"అది మాది సార్."

ఇలా వచ్చేవాళ్లు ఏడాదికి ఒకరైనా ఉంటారు. సినిమాలో కనిపించిన కుర్చీ మా తాతదని, గడియారం మా మామదని. వాళ్లను ఎలా పంపాలో నాకు తెలుసు. గుర్తులేమైనా ఉన్నాయా అని అడిగాను. అడిగితే తడబడతారు.

ఆవిడ తడబడలేదు. "అడుగుకు ఒక పక్క సొట్ట ఉంటది. మూత తిప్పితే సగం దాక మంచిగ వచ్చి పట్టుకుంటది. జర ఎనుకకు తిప్పి మళ్ల తిప్పితే వస్తది. మీద మా బిడ్డ పేరు, స్ఫూర్తి. కింద రెండువేల మూడు" అంది. మళ్లీ తనే, "అది మా అమ్మ చెంబు సార్. బిడ్డకు పేరు పెట్టిన నాడు పేరు కొట్టిచ్చి ఇచ్చింది. నీళ్లు తాగితే దాంట్లనే తాగేది. ఇప్పుడు బిడ్డ లేదు. ఎనిమిదేండ్లకు డెంగీతోటి పోయింది. పన్నెండేండ్లాయె" అంది.

ఆవిడ గొంతు మామూలుగానే ఉంది. ఆ మామూలుతనమే నన్ను భయపెట్టింది.

"ఇల్లు మారుతుంటే మా నవీన్, అంటే మా ఆయన, పాత సామాన్ల బస్తాలో కలిపి ఇచ్చేసిండు. కావాలని కాదు, ఆయన చూడలే. అప్పటి నుంచి ప్రతి ఐతారం ఎర్రగడ్డకు వస్తున్న. మీకు ఎంత పడ్డదో దానికి రెండింతలు ఇస్త. పేరు ఉన్నది కద సార్ దాని మీద?"

ఇక్కడ నేను చెప్పాల్సిన మాట ఒక్కటే. షూటింగ్ కోసం పేరు తీయించేశాను తల్లీ, తప్పయింది, చెంబు మాత్రం ఇదిగో, అని. చెంబు ఆవిడకు మూడు గజాల దూరంలో ట్రంకు పెట్టెలో ఉంది. బాలమణి చేతిలో గుడ్డ ఆపి నా వంక చూస్తోంది.

"ఉంటుందమ్మా, ఎక్కడికి పోతుంది" అన్నాను.

ఆవిడ ముఖం చూడాల్సింది. గోడకు చేరబడి కళ్లు మూసుకుంది. ఒక్కసారి చూస్తానంది. సెట్‌లో ఉందని, బయటివాళ్లను లోపలికి రానివ్వరని చెప్పాను. ఒకసారి షాట్‌లో కనిపించిన వస్తువు ఆ సినిమా అయ్యేదాకా బయటకు పోకూడదని కూడా చెప్పాను. అది మాత్రం అబద్ధం కాదు. పదిహేను రోజుల్లో షూటింగ్ అయిపోతుంది, ఫోన్ చేస్తాను, డబ్బు వద్దు అన్నాను. ఆవిడ నాకు రెండు చేతులూ జోడించి వెళ్లింది.

"గట్ల ఎందుకు చెప్పిన్రు సార్?" అంది బాలమణి.

"ఏం చెప్పమంటావు? నీ కూతురి పేరు గీకించేశానని చెప్పమంటావా?"

"చెప్తే ఏడుస్తది. ఏడ్సుకుంట తీస్కపోతది. చెంబు చెంబే కద. నిజం చెప్పున్రి సార్, ఇంక దినాలున్నయ్."

బాలమణి మాట వినే అలవాటు నాకుంటే ఈ కథ లేదు. నేను ఆర్ట్ డిపార్ట్‌మెంట్ వాణ్ణి. లేనిదాన్ని ఉన్నట్టు చూపించడం తప్ప ఇంకే విద్యా నేర్వలేదు. నిన్న కట్టిన గోడకు నూరేళ్ల నాచు పట్టించగలను. రెండు అక్షరాలు, నాలుగు అంకెల పని ఎంత అనుకున్నాను. పైగా ఆవిడ మంచి కోసమే కదా చేస్తున్నది. ఎవరికి నష్టం?

షూటింగ్ అయిన మర్నాడే చెంబు పట్టుకుని మోతీనగర్ వెళ్లాను. అక్కడ స్టీలు సామాన్ల కొట్టు ముందు సుబ్రహ్మణ్యం గారని, పేర్లు కొట్టే పెద్దాయన కూర్చుంటాడు. ఇప్పుడందరూ మెషీన్‌తో గీస్తారు. ఆయన ఒక్కడే ఇంకా చిన్న ఉలి, సుత్తి పట్టుకుని చుక్క మీద చుక్క కొడతాడు. పాత చెంబు మీద మెషీన్ గీత పడితే ఇట్టే తెలిసిపోతుంది. ఇక్కడ కూడా నా గర్వానిదే పెత్తనం. కాగితం మీద పెద్దక్షరాలతో స్ఫూర్తి అని రాసి ఇచ్చాను.

"చాలామంది ఇక్కడ ప ఒత్తు పెట్టేస్తారండీ. ఫ ఒత్తు రావాలి. జాగ్రత్త" అన్నాను.

"నలభై ఏళ్ల నుంచి పేర్లు కొడుతున్నానండీ. మీరు నాకు ఒత్తులు నేర్పక్కర్లేదు" అన్నాడాయన.

ఒత్తు ముత్యంలా వచ్చింది. 2003 కూడా వచ్చింది. తెచ్చి మళ్లీ మసి, నూనె, బట్టతో రుద్దడం, ఎండలో పెట్టడం, చుక్కల్లో మట్టి కూరడం. నాలుగు రోజులు నేనే చేశాను. బాలమణి ముట్టుకోనంది. అయ్యాక చూస్తే ఇరవై ఏళ్ల కింద కొట్టిన పేరు కాదని ఆ సుబ్రహ్మణ్యమే చెప్పలేడు. చిన్నపిల్లాడిలా సంబరపడ్డానంటే నమ్మండి. మంజులతకు ఫోన్ చేశాను.

ఆఫీసుకు సెలవు పెట్టి వచ్చింది. చెంబు నిండా నీళ్లు పోసి బల్ల మీద పెట్టాను, సినిమావాణ్ణి కదా, ఖాళీ చెంబు ఇవ్వబుద్ధి కాలేదు. ఆవిడ ముందు అడుగు తడిమి సొట్ట చూసుకుంది. మూత తిప్పింది. సగం దాకా వచ్చి ఆగింది. వెనక్కి ఒకసారి తిప్పి మళ్లీ తిప్పింది, వచ్చింది. "ఇదే సార్" అంది. ఏడుస్తూ నవ్వింది. నాకూ కళ్లు తడిశాయి. ఆడిన అబద్ధం ఎంత పుణ్యమో అనిపించింది ఆ నిమిషంలో.

తర్వాత పేరు మీద బొటనవేలు పెట్టింది. ఒకసారి రాసింది. మళ్లీ రాసింది. చెంబును గుమ్మం దగ్గరకు తీసుకుపోయి వెలుతురుకు తిప్పి చూసింది. వచ్చి బల్ల మీద పెట్టేసింది.

"ఇది కాదు సార్" అంది.

"అదేంటమ్మా? గుర్తులన్నీ సరిపోయాయి కదా. పేరు చూడండి."

"పేరు సక్కగ ఉన్నది. మా దాని మీద సక్కగ లేదు. మా అమ్మకు సదువు రాదు, కొట్టినోడు ఎట్ల కొడితే అట్ల తెచ్చింది. ప ఒత్తే ఉండె. బిడ్డ రెండో తరగతిల ఉన్నప్పుడు టీచరమ్మ చెప్పిందంట, నీ పేరుకు ఫ ఒత్తు రావాలె అని. ఇంటికొచ్చి చెంబు చూసి, అమ్మా నా పేరు తప్పున్నది అన్నది. కంపాస్ డబ్బల ముల్లు తీస్కొని ఒత్తు కింద గీత తనే గీసింది. ఒంకర గీత. నేను ఒక్కటి కొట్టిన గుడ, చెంబు ఖరాబ్ చేసినవని." ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుంది. "నాకు కావాల్సింది ఆ గీత సార్. ఆ సంగతి నేను ఎవ్వలకు చెప్పలే. నర్సింహకు గుడ చెప్పలే. చెప్తే ఎవలన్న గీసి ఇస్తరని."

అప్పుడు చెప్పాను నిజం. మొత్తం చెప్పాను. పేరు చదవకుండా గీకించానని, భయపడి అబద్ధమాడానని, మోతీనగర్ పోయి మళ్లీ కొట్టించానని, చెంబు మాత్రం మీ చెంబేనని. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారే, అది. మాట్లాడుతున్నకొద్దీ నా మాటలు నాకే కట్టుకథలా వినిపించాయి.

ఆవిడ శ్రద్ధగా విన్నది. "పేరు గీకిచ్చి మళ్ల అదే పేరు ఎవలన్న కొట్టిస్తరా సార్?" అంది.

"నేను కొట్టించానమ్మా. మీరు బాధపడతారని."

"నిజమే అమ్మా, నేనే గీకిన" అంది బాలమణి వెనక నుంచి. "ఆ గీత గుడ ఉండె. పిల్లగాండ్లు గీకినట్టు ఉండె. అది గట్టిగుంటే ఎక్కువ రుద్దిన. నా చెయ్యి ఇరగ."

మంజులత ఆవిడ వైపు తిరిగింది. "నేను చెప్పినంక చెప్తున్నవు కద అక్కా" అంది.

"సొట్ట చూడండమ్మా, మూత చూడండి. మీరే చెప్పారు కదా పట్టుకుంటుందని" అన్నాను.

"అవు సార్. నేనే చెప్పిన. మొదటి దినమే అన్నీ చెప్పిన." ఆవిడ సొట్ట మీద చెయ్యి వేసింది. "ఇది గుడ మీరే పెట్టిన్రా?"

పెట్టలేనని చెప్పొచ్చు. ఎలా నమ్ముతుంది? గోడౌన్ నిండా చుట్టూ నేను చేసినవే ఉన్నాయి. అట్టముక్కలతో చేసిన ఇనప్పెట్టె, థర్మాకోల్ రాతి స్తంభం, నిన్నటి కాగితం మీద వందేళ్ల నాటి ఉత్తరం. ఆవిడ వాటన్నింటినీ ఒకసారి కలియచూసింది.

"సినిమావోళ్లు సార్ మీరు. ఏదైనా చేస్తరు. నేను తప్పు పడతలేను. చేసి ఇయ్యాలనుకున్నరు, మంచోళ్లే. కానీ అసలుది ఎవలకు ఇచ్చిన్రో చెప్పున్రి. పోగొట్టిన్రా? ఇంకో సినిమావోళ్లకు కిరాయికి ఇచ్చిన్రా? వాళ్ల కాళ్లు పట్టుకుంట నేను."

"ఇదే అసలుదమ్మా."

"గుర్తు చేస్కోన్రి సార్, జర" అంది. నీళ్లు ఉన్న చెంబును నా వైపు మెల్లగా జరిపి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది.

బాలమణి ఆ రోజు నాతో మాట్లాడలేదు. నేను చెంబు పట్టుకుని వెంగళరావు నగర్ రెండుసార్లు వెళ్లాను. మొదటిసారి నవీన్ గారు తలుపు తీశారు. మెల్లగా మాట్లాడే మనిషి. "నేను చెప్పి చూసిన సార్, ఇదే అయ్యుంటది తీస్కో అని. నువ్వు పడేసినవు కాబట్టి గట్ల అంటున్నవు అన్నది" అన్నారు. రెండోసారి ఆవిడే తీసింది. చెంబు వైపు చూడలేదు. మంచినీళ్లు ఇచ్చి పంపింది. ఉన్నది ఉన్నట్టు, పేరు లేని బోడి చెంబు మొదటి రోజే చేతిలో పెట్టి ఉంటే ఆవిడ దాన్ని గుండెకు హత్తుకుని తీసుకుపోయేది. ఆ సంగతి నాకు తెలుసు. ఆ గీత చెరగడం నా అజాగ్రత్త. ఆ చెంబు ఆవిడకు కాకుండా పోవడం మాత్రం నా పనితనం. నన్ను నేను క్షమించుకోలేకపోతున్నది రెండోదానికే.

నాలుగు ఆదివారాలు సంతకు వెళ్లలేదు. ఐదో వారం వెళ్లక తప్పలేదు, సుహాస్‌కు పాత కుట్టుమిషను కావాలి. నర్సింహ నన్ను చూసి కళ్లతో పక్కకు చూపించాడు.

"ప్రతి ఐతారం వస్తది అన్నా. నాకంటె ముందొస్తది. బస్తా ఇప్పంగనే కూసుంటది" అన్నాడు గొంతు తగ్గించి.

మంజులత నేల మీద గోనె పట్టా పక్కన కూర్చుని ఉంది. ఒక్కొక్క చెంబూ తీసి, కొంగుతో తుడిచి, వెలుతురుకు తిప్పి చూసి పక్కన పెడుతోంది. నేను వెనక్కి తిరిగి వెళ్లిపోదామనుకున్నాను. అంతలో తలెత్తి చూసింది. కోపం లేదు ఆ ముఖంలో. మొదటి రోజు గోడౌన్ గుమ్మంలో చూసిన ఆశే ఉంది.

"గుర్తొచ్చిందా సార్, ఎవలకు ఇచ్చిన్రో?" అంది.

ఇదే మీ చెంబని ఎన్నిసార్లు చెప్పను? చెప్పినా ఏం లాభం? ఆవిడ నా నోటి వైపే చూస్తోంది.

"ఒకళ్ల మీద అనుమానం ఉందమ్మా. కనుక్కుంటున్నాను" అన్నాను.

ఆవిడ వెంటనే నమ్మింది. "సరే సార్. తొందరేం లేదు. వచ్చే ఐతారం గుడ ఇక్కడ్నే ఉంట" అని ఇంకో చెంబు చేతిలోకి తీసుకుంది.